పికీ అంటే ఏమిటి, ఎవరిని అనొచ్చు: తరచుగా అడిగే ప్రశ్నలు

"మావాడు తిండి దగ్గర చాలా పికీ అండీ." ఈ మాట ఇప్పుడు తెలుగు ఇళ్లల్లో బాగా వినబడుతోంది. దాని వెనకే చూజీ, ఫస్సీ, పర్టిక్యులర్, సెలెక్టివ్ అనే మాటలూ వచ్చాయి. అన్నిటికీ మూలార్థం ఒకటే: దొరికిందల్లా తీసుకోకుండా ఎంచుకునే మనిషి. కానీ ఒకదాని బదులు ఇంకోటి వాడితే, మెచ్చుకోబోయి తప్పుపట్టినట్టు అవుతుంది. ఈ విషయంలో తరచుగా వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇవి.

పికీ అంటే సూటిగా అర్థం ఏమిటి?

ఏదీ ఓ పట్టాన నచ్చని మనిషి అని. ఇందులో రెండు విషయాలు కలిసి ఉన్నాయి. ఒకటి, ఆ మనిషి ఏరుకుంటాడు. రెండు, ఆ ఏరుకోవడం అవసరానికి మించి ఉందని చూసేవాళ్లకు అనిపిస్తోంది. ఈ రెండోది లేకపోతే అక్కడ పికీ అనే మాటకు పని లేదు.

పులిహోర పెట్టిన కంచం ముందు కూర్చున్న ఏడేళ్ల పిల్లవాణ్ణి చూడండి. ముందు పల్లీలన్నీ తినేస్తాడు. తర్వాత కరివేపాకు, మిరపకాయ ముక్క, శనగపప్పు, చివరికి ఆవాలు కూడా ఒక్కొక్కటే వేలితో తీసి కంచం అంచున వరసగా పేరుస్తాడు. ఆ పని అయ్యేసరికి అన్నం చల్లారిపోతుంది, ఆకలి కూడా పోతుంది. పక్కన నిలబడిన అమ్మ నోట వచ్చే మాట పికీ. "పిక్" అంటే ఏరడం, ఎంచుకోవడం. దాని చివర ఇంగ్లిష్ అక్షరం వై చేరితే "ఎప్పుడూ అదే పని మీద ఉండే" అనే విశేషణం అయింది. 19వ శతాబ్దం రెండో సగంలో ఇంగ్లిష్‌లోకి వచ్చిన మాట ఇది.

తెలుగులో దీనికి ఒక్క మాట ఉందా?

అచ్చంగా సరిపోయే విశేషణం లేదు. నిఘంటువు తెరిస్తే "ఎంపిక చేసుకునే స్వభావం గల" లాంటిది కనబడుతుంది. ఇంట్లో, వీధిలో ఆ మాట ఎవరూ అనరు. మనం ఈ స్వభావాన్ని ఎక్కువగా క్రియలతో చెబుతాం. తిండి దగ్గర ఏరుకుని తింటాడు, ఏది పెట్టినా వంకలు పెడతాడు, పేచీ పెడతాడు, ఏదీ ఒక పట్టాన నచ్చదు, ఆయనకు పట్టింపులెక్కువ. ఇలాంటివి కావలసినన్ని ఉన్నాయి. తెలంగాణలో "నక్రాలు చేస్తడు" అంటారు. అయితే నక్రాలు అన్నప్పుడు కావాలని చేస్తున్నాడనే అర్థం కూడా వస్తుంది. పికీలో అది లేదు. పికీ మనిషికి నిజంగానే నచ్చకపోవచ్చు.

కాబట్టి అనువాదం చేసేవాళ్లు మాటకు మాట వెతకడం మానేసి వాక్యాన్ని మార్చుకోవాలి. "షి ఈజ్ పికీ అబౌట్ షూస్" అన్నదాన్ని "ఆమెకు చెప్పులు ఓ పట్టాన నచ్చవు" అంటే చాలు. "ఆమె చెప్పుల గురించి ఎంపిక స్వభావం గలది" అని రాస్తే చదివేవాళ్లకు ఏమీ అందదు.

పికీ అనడం తిట్టినట్టా?

తిట్టు కాదు గానీ ఫిర్యాదు. ఎవరి గురించి ఎవరు అంటున్నారన్నదాన్ని బట్టి దాని బరువు మారుతుంది. మన గురించి మనమే అనుకుంటే ఇబ్బంది లేదు. "ఐ యామ్ ఎ బిట్ పికీ అబౌట్ కాఫీ" అంటే ఎదుటివాళ్లు నవ్వి ఊరుకుంటారు. పిల్లల గురించి అమ్మానాన్నలు అన్నా అంతే. పెద్దవాళ్ల గురించి, అతిథుల గురించి, ఆఫీసులో పైవాళ్ల గురించి అంటే మాత్రం నొచ్చుకుంటారు.

డికాక్షన్ పల్చబడితే కప్పు పక్కన పెట్టేసే మామగారి గురించి కోడలు "మా మామగారు కాఫీ విషయంలో చాలా పర్టిక్యులర్" అంటే ఆయనకు రుచి తెలుసన్న గౌరవం అందులో ఉంటుంది. అదే కోడలు పికీ అంటే ఆయనతో వేగలేకపోతున్నానని చెప్పినట్టు. కాఫీ మారలేదు, మామగారూ మారలేదు.

చూజీకి, పికీకి తేడా ఏమిటి?

రెండూ దగ్గరి మాటలే, చాలా వాక్యాల్లో ఏది వాడినా నడుస్తుంది. అయినా నా చెవికి చూజీలో ఎంచుకోవడం ముందు వినబడుతుంది, పికీలో వద్దనడం ముందు వినబడుతుంది. అందుకే చూజీని మెప్పుగా కూడా వాడవచ్చు. అమెరికాలో జిఫ్ అనే పల్లీ వెన్న కంపెనీ ఏళ్ల తరబడి "చూజీ మదర్స్ చూజ్ జిఫ్" అనే ప్రకటన నడిపింది. పిల్లలకు ఏం పెట్టాలో ఆలోచించి కొనే తల్లులు మా సరుకే కొంటారు అని దాని భావం. ఆ చోట పికీ అని పెట్టి ఉంటే తల్లులను వెక్కిరించినట్టు ఉండేది.

మన దగ్గర ఈ మాట ఎక్కువగా నలిగేది పెళ్లి సంబంధాల దగ్గర.

"ఏం వదినా, అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారా?"

"చూస్తూనే ఉన్నాం వదినా. అది కాస్త చూజీ, ఏదీ ఓకే అనట్లేదు."

ఇక్కడ తల్లి చూజీ అంటోంది. ఆ ఇంటి నుంచి బయటికొచ్చాక ఆ వదినే ఇంకొకరితో "ఆ పిల్ల మహా పికీ అట" అంటుంది. ఒకే అమ్మాయి, ఒకే నిర్ణయం, మాట మాత్రం మెల్లగా దిగజారింది. జీవితాంతం కలిసి ఉండాల్సిన మనిషిని ఎంచుకునేటప్పుడు ఆలోచించడాన్ని పికీ అనడం అన్యాయమని నా అభిప్రాయం. ఫొటో చూసి రంగు తక్కువని, ఎత్తు చాలదని డజన్ల కొద్దీ అమ్మాయిలను కాదనే అబ్బాయి వైపు వాళ్లకు ఈ విశేషణం దాదాపు ఎవరూ తగిలించరు. ఇలాంటి చోట సెలెక్టివ్ అనండి, లేదా "షి నోస్ వాట్ షి వాంట్స్" అనండి. తనకేం కావాలో తనకు తెలుసు అని.

ఇంకో సంగతి. జీవశాస్త్రంలో చూజీ అనేది నింద లేని సాంకేతిక పదం. ఆడ జంతువులు జత కోసం మగవాటిని ఎంచుకోవడం పరిణామాన్ని నడిపించే శక్తుల్లో ఒకటని డార్విన్ 1871లో వచ్చిన తన పుస్తకంలో వాదించాడు. నెమలి పింఛం దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. పిల్లల మీద ఎక్కువ శ్రమ పెట్టే జీవి ఎంపికలోనూ ఎక్కువ జాగ్రత్తగా ఉంటుందని జీవశాస్త్రవేత్త రాబర్ట్ ట్రివర్స్ 1972లో వివరించాడు. ఆ పరిశోధనల్లో "చూజీనెస్" అనే మాటను లెక్కగట్టే గుణంగానే వాడతారు.

ఫస్సీ అన్నా ఇదే అర్థమేనా?

బ్రిటన్‌లో అవును. అమెరికాలో కొంతవరకే. అమెరికన్లు పికీ ఈటర్ అనేచోట బ్రిటిష్ వాళ్లు ఎక్కువగా ఫస్సీ ఈటర్ అంటారు. "టీయా, కాఫీయా?" అని అడిగితే బ్రిటిష్ స్నేహితుడు "ఐ యామ్ నాట్ ఫస్సీ" అన్నాడంటే ఏదైనా పర్లేదని. "ఐ యామ్ నాట్ ఫస్డ్" అన్నా దాదాపు అంతే.

అమెరికా వెళ్లిన తెలుగు తల్లిదండ్రులు ఒకచోట తడబడే అవకాశం ఉంది. ఆరు నెలల పాపను డేకేర్‌లో వదిలి సాయంత్రం వెళితే అక్కడి ఆవిడ "షి వాజ్ ఎ లిటిల్ ఫస్సీ టుడే" అంటుంది. పాలు తాగడానికి పేచీ పెట్టిందేమో, సీసా మార్చాలేమో అని టెన్షన్ పడక్కర్లేదు. చంటిపిల్లల విషయంలో ఫస్సీ అంటే చిరాగ్గా ఉంది, ఊరికే ఏడుస్తోంది అని. ఎంపికతో సంబంధం లేదు. పళ్లు వస్తున్నాయా, నిద్ర చాలలేదా అని చూసుకోవాలి.

బట్టలకు, గోడ కాగితాలకు, డిజైన్లకు వాడితే ఫస్సీకి ఇంకో అర్థం: అనవసరమైన అలంకారాలు ఎక్కువైనది. జాకెట్టుకు కుచ్చులు, పూసలు, అద్దాలు అన్నీ ఒకేసారి కుట్టేస్తే ఆ జాకెట్టు ఫస్సీ.

పర్టిక్యులర్ వాడేటప్పుడు జాగ్రత్త ఏమైనా ఉందా?

ఉంది. ఈ మాట వాక్యంలో ఎక్కడ కూర్చుందన్నదే అర్థాన్ని నిర్ణయిస్తుంది. "హి ఈజ్ పర్టిక్యులర్ అబౌట్ టైమ్" అంటే టైమ్ విషయంలో ఆయనకు పట్టింపు ఉంది. "ఎ పర్టిక్యులర్ మ్యాన్" అని నామవాచకం ముందు పెడితే సాధారణంగా "ఫలానా ఒక మనిషి" అనే తోస్తుంది. పట్టింపు ఉన్న మనిషి అని చెప్పాలంటే క్రియ తర్వాతే వాడండి, వెనకే "అబౌట్" చేర్చండి.

సెలెక్టివ్ అంటే పూర్తిగా మంచి మాటేనా?

ఈ గుంపులో పక్షపాతం తక్కువున్న మాట ఇదే. మన సినిమా వార్తల్లో "ఆ హీరోయిన్ సెలెక్టివ్‌గా సినిమాలు చేస్తోంది" అని రాస్తారు. కథ నచ్చితేనే ఒప్పుకుంటోందని, తొందరపడట్లేదని గౌరవంగా చెప్పడం అది. ఇంగ్లిష్‌లోనూ ఆ వాడుక సరైనదే. కాలేజీలు, కంపెనీలు కొద్దిమందినే తీసుకుంటే వాటినీ సెలెక్టివ్ అంటారు.

కాకపోతే మెమరీ, హియరింగ్ లాంటి మాటల ముందు వస్తే ఎత్తిపొడుపు అవుతుంది. "హి హ్యాజ్ సెలెక్టివ్ హియరింగ్" అంటే తనకు పనికొచ్చేదే అతని చెవిన పడుతుందని.

జీఆర్‌ఈ (విదేశాల్లో పీజీ చదువుకు రాసే పరీక్ష) పుస్తకాల్లో కనబడే ఫాస్టిడియస్, ఫినికీ సంగతేమిటి?

ముందు ఫాస్టిడియస్. వేగానికీ, ఉపవాసానికీ దీనికి సంబంధం లేదు. "ఫాస్ట్" కనబడగానే అలా గుర్తు పెట్టుకుంటే పరీక్షలో తప్పు జవాబు ఎంచుకుంటారు. లాటిన్‌లో ఏవగింపు, వెగటు అనే అర్థమున్న "ఫాస్టిడియం" దీనికి మూలం. ఇప్పటి అర్థం: శుభ్రత, వివరాలు, ప్రమాణాల దగ్గర అణువంత లోపం కూడా సహించనిది. మెప్పు కావచ్చు, విసుగూ కావచ్చు, వాక్యమే చెబుతుంది. ఉచ్చారణలో బరువు రెండో అక్షరం "స్టి" మీద పడాలి.

ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ), మైక్రోబయాలజీ చదివేవాళ్లకు ఈ మాట ఇంకో రకంగా పరిచయం. ల్యాబ్‌లో మామూలు పోషక మాధ్యమం మీద పెరగకుండా, ప్రత్యేకమైన పోషకాలు ఇస్తేనే పెరిగే బ్యాక్టీరియాను ఫాస్టిడియస్ ఆర్గానిజమ్స్ అంటారు. హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే అలాంటిదే. దానికి చాక్లెట్ అగార్ అనే పోషక మాధ్యమం పెట్టాలి. అందులో చాక్లెట్ ఏమీ ఉండదు. రక్తాన్ని వేడిచేసి కలపడం వల్ల ఎర్రకణాలు పగిలి ఆ గోధుమ రంగు వస్తుంది, ఈ సూక్ష్మజీవికి కావలసిన పదార్థాలు వాటిలోంచి బయటికొస్తాయి. ఏది పెడితే అది తినని జీవి అని ఒక్కసారి ఊహించుకుంటే ఈ మాట అర్థం మళ్లీ మరిచిపోరు.

ఫినికీ పికీకి బాగా దగ్గర. చిన్న చిన్న వాటి దగ్గర ఆగిపోయే మనిషి. పిల్లులకు, మొక్కలకు, యంత్రాలకు కూడా వాడతారు. నీళ్లు కాస్త ఎక్కువైనా, ఎండ కాస్త తగ్గినా మొరాయించే మొక్క ఫినికీ. పర్స్‌నికెటీ అనేది అమెరికన్ రూపం, పర్నికెటీ అనేది బ్రిటిష్ రూపం. పరీక్షకు తెలిస్తే చాలు, రోజువారీ మాటల్లో పెద్దగా అవసరం పడదు.

నిట్‌పికింగ్ కూడా పికీ నుంచే వచ్చిందా?

రెండిటికీ పిక్ అన్నదే మూలం. నిట్ అంటే ఈపి, పేను గుడ్డు. తలలో ఈపులు ఏరినంత ఓపిగ్గా చిన్న చిన్న తప్పులు ఏరడం నిట్‌పికింగ్. దీనికి మాత్రం తెలుగులో ఇంగ్లిష్ కంటే గట్టి మాట ఉంది: కోడిగుడ్డు మీద ఈకలు పీకడం. ఈపులైనా తలలో ఉంటాయి, కోడిగుడ్డు మీద ఈకలే ఉండవు. అందువల్ల మన జాతీయంలో లేని తప్పును వెతకడం అనే ఘాటు ఎక్కువ.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకు ఇది రోజూ కనబడే మాట. కోడ్ రివ్యూలో, అంటే ఒకరు రాసిన ప్రోగ్రామును ఇంకొకరు సరిచూసేటప్పుడు, వ్యాఖ్య మొదట్లో "నిట్" అని రాస్తే, ఇది చిన్న విషయం, మార్చితే మంచిది, మార్చకపోయినా ఆపను అని మర్యాదగా చెప్పడం. కొత్తగా చేరినవాళ్లు దాన్ని తిట్టుగా తీసుకోనక్కర్లేదు. పికీ మనిషి తనకు నచ్చనిది వదిలేస్తాడు, నిట్‌పికర్ ఎదుటివాళ్ల పనిలో తప్పు చూపిస్తాడు. ఈ తేడా గుర్తుంటే రెండూ కలిసిపోవు.

రుచి తెలిసిన మనిషిని మెచ్చుకోవాలంటే ఏ మాట వాడాలి?

"డిసర్నింగ్" అనండి. సంగీతంలో, తిండిలో, పుస్తకాల్లో మంచిచెడ్డలు పోల్చుకోగల మనిషి అని. మన రసజ్ఞుడికి దగ్గరగా వస్తుంది. "డిస్క్రిమినేటింగ్" అన్నదీ అదే అర్థంలో ఉంది గానీ, దాని పక్కనే "డిస్క్రిమినేటరీ" ఉంది, దానర్థం వివక్ష చూపేది. మెప్పు కాస్తా నేరారోపణ అయ్యే ప్రమాదం ఉన్నప్పుడు డిసర్నింగ్ వాడుకోవడమే మేలు.

పికీ తర్వాత ఏ ప్రిపొజిషన్ రావాలి? పోలికలు ఎలా చెప్పాలి?

"అబౌట్". పికీ అబౌట్ ఫుడ్, చూజీ అబౌట్ క్లోత్స్, పర్టిక్యులర్ అబౌట్ స్పెల్లింగ్. "పికీ ఇన్ ఫుడ్" అనడం మన "తిండిలో" నుంచి వచ్చిన అలవాటు, మానుకుంటే మంచిది. పోలికల్లో పికియర్, పికియెస్ట్, చూజియర్, చూజియెస్ట్. రాతలో చివరి వై పోయి ఐ వస్తుంది. "మోర్ పికియర్" తప్పు, రెండు పోలికలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఇక తెలుగులో పిక్కీ అని రాసినా, ఇంగ్లిష్‌లో పలికేటప్పుడు క మీద ఒత్తు పెట్టి నొక్కకండి.

"బెగ్గర్స్ కాంట్ బి చూజర్స్" అనొచ్చా?

సామెత పాతదే. ఇంగ్లిష్ రచయిత జాన్ హేవుడ్ 1546లో అచ్చువేయించిన సామెతల సంకలనంలోనే దీని పాత రూపం ఉంది. అడుక్కునేవాడికి ఎంచుకునే హక్కు లేదని భావం. తమ గురించి తాము అనుకునేవాళ్లు ఉన్నారు, అది వాళ్లిష్టం. సాయం కోరి వచ్చినవాళ్ల ముందు మాత్రం ఈ మాట ఎత్తకండి. రేషన్ షాపులో ముక్కిన బియ్యం వద్దన్న మనిషి చూజీ కాదు, పికీ కాదు. తినే బియ్యం అడిగాడు, అంతే.

పిల్లల్ని వాళ్ల ముందే "పికీ ఈటర్" అనొచ్చా?

అనకపోవడమే మంచిది. రెండేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు కొత్త తిండిని అనుమానంగా చూడటం సహజం. దీన్ని ఫుడ్ నియోఫోబియా అంటారు, ఎక్కువమందిలో పెద్దయ్యేకొద్దీ తగ్గుతుంది. బలవంతం చేయకుండా అదే కూరను కొద్దికొద్దిగా, పదేపదే ఎదురుగా పెడుతూ ఉంటే అలవాటు పడతారు. బెండకాయ మొదటిసారి ఉమ్మేస్తే ఇక వాడికి బెండకాయ పడదని తీర్మానించక్కర్లేదు, అలాంటి ప్రయత్నాలు పది దాటాల్సి రావచ్చు. వచ్చిన చుట్టాలందరికీ "వీడు పికీ" అని పరిచయం చేస్తూ పోతే మాత్రం ఆ మాటే వాడి గుర్తింపు అయిపోతుంది. తర్వాత వాడికి తినాలనిపించినా ఆ పేరు అడ్డొస్తుంది. "ఇంకా అలవాటు కాలేదు" అనండి, తలుపు తెరిచి ఉంటుంది.

తినే పదార్థాలు మరీ కొన్నిటికే పరిమితమై బరువు పెరగకపోవడం, నీరసం, పోషకాల లోపం కనబడుతుంటే అది పికీ అనే మాటతో సరిపెట్టుకునే విషయం కాదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో విడుదల చేసిన, మానసిక సమస్యలను వర్గీకరించే డీఎస్ఎం-5 గ్రంథంలో "అవాయిడెంట్ రెస్ట్రిక్టివ్ ఫుడ్ ఇన్‌టేక్ డిజార్డర్" అనే సమస్యను విడిగా చేర్చారు. లావైపోతామన్న భయంతో కాకుండా వాసన, మెత్తదనం, రంగు సహించలేకో, గొంతులో అడ్డుపడుతుందన్న భయంతోనో, తిండి మీద ఆసక్తే లేకనో తినలేకపోవడం ఇందులోకి వస్తుంది. పిల్లల డాక్టరుకు చూపించాలి. "చిన్నప్పుడు మేమూ అంతే" అని నెలలు గడపకండి.

పికీకి వ్యతిరేక పదం ఏమిటి?

ఒకే మాట లేదు. ఏదైనా పర్లేదనే మనిషిని "ఈజీగోయింగ్" అంటారు. తిండి విషయంలో అయితే "షి ఈట్స్ ఎనీథింగ్" లేదా "షి ఈజ్ నాట్ ఎ పికీ ఈటర్" అనడమే సహజం. "నాన్ పికీ", "అన్‌పికీ" లాంటివి మనం కల్పించుకోనక్కర్లేదు. "ఇన్‌డిస్క్రిమినేట్" వ్యతిరేక పదమే కదా అనుకుని మనుషులకు వాడొద్దు. విచక్షణ లేకుండా, అడ్డూఅదుపూ లేకుండా అని దాని అర్థం, కాల్పులకు, చెట్ల నరికివేతకు వాడే మాట అది. పెట్టింది పెట్టినట్టు తినే పిల్లను మెచ్చుకోవాలంటే "షి ఈజ్ ఎ గుడ్ ఈటర్" అంటే సరిపోతుంది.